అత్తయ్య రుచి చూసిన నూడిల్స్

భీమవరం,
సెప్టెంబరు నెల

వదినకు నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఫోనులో మాట సరిగా వినపడటం లేదనీ, మీ చిన్న ఫోనులో మెసేజుల అక్షరాలు ఆనడం లేదనీ, ఇకమీదట ఏ సంగతైనా కాగితం మీదే రాయమనీ అన్నారు. మీ తమ్ముడు చదివి దిగులుపడ్డారు. తర్వాత, "అక్క చిన్నప్పుడు మాత్రం మనం చెప్పింది ఎప్పుడు విందిలే" అని ఆయనే నవ్వారు. నాకైతే ఉత్తరం రాయడం బాగానే ఉంది. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంతసేపు కలం పట్టుకోవడం ఇదే మొదలు.

ఇక్కడ అందరం కులాసా. మీ తమ్ముడికి ఐస్ ఫ్యాక్టరీలో పగటి డ్యూటీ వేశారు. సాయంత్రం వచ్చి మన నూడిల్స్ బండి తోసుకొచ్చి, కాలేజీ రోడ్డులో నిలబెట్టి, సిలిండర్ బిగించి నాతోపాటే ఉంటున్నారు. బండి బాగా నడుస్తోంది వదినా. మీరు నమ్మరు గానీ, ఇప్పుడు మా దగ్గర మామూలు నూడిల్స్ అడిగేవాళ్లే లేరు. గోంగూర, ఎండు రొయ్యలు వేసి ఒకటి చేస్తున్నాం. చేపల పులుసు చిక్కగా కాచి, ఉడికిన నూడిల్స్ అందులో వేసి, పైన వేయించిన చిన్న నెత్తళ్ల చేపలు చల్లి గిన్నెలో ఇస్తున్నాం. కాలేజీ పిల్లలు దానికి పులుసు నూడిల్స్ అని పేరు పెట్టుకున్నారు. సోయా సాస్ సీసా బండి మీద కనిపించదు. దాని బదులు చింతపండు, బెల్లం ఉడకబెట్టిన రసం వాడుతున్నాం.

మీ వీధి చివర ఎండు నెత్తళ్లు అమ్మే ఆవిడ దగ్గర సరుకు ఇసుక లేకుండా ఉంటుంది. ఇటు వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త పంపించండి.

అత్తయ్య బాగున్నారు. సాయంత్రాలు ఇంట్లో ఒక్కరే ఉండటం ఎందుకని బండి దగ్గరికి వస్తున్నారు. ఆవిడకీ కాలక్షేపంగా ఉంటోంది.

మీ మరదలు
వీరదుర్గ


తుని,
అక్టోబరు నెల

వీరదుర్గకు నూకరత్నం ఆశీస్సులు.

నెత్తళ్లు పంపుతున్నాను. పక్కింటి ఉదయ్‌కుమార్ భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, దసరా సెలవులయ్యాక వెళ్తూ తీసుకొస్తాడు. పిల్లాడికి మీ బండి గుర్తులు చెప్పాను. వస్తే ఏదో ఒకటి పెట్టి పంపు.

మా అమ్మ నూడిల్స్ బండి దగ్గర కూర్చుంటోందంటే నవ్వొచ్చింది. నువ్వు కాపురానికి వచ్చిన కొత్తలో ముచ్చటపడి నూడిల్స్ చేస్తే, వానపాములు తినే ఇంట్లో పుట్టలేదు నేను అని పళ్లెం తోసేసిన మనిషి కదా. ఆ రోజు నువ్వు పెరట్లోకి వెళ్లి ఏడ్చావని తమ్ముడు నాకు చెప్పాడు. ఇప్పుడు గోంగూర నూడిల్స్, పులుసు నూడిల్స్ అంటున్నావు. ఎవరు నేర్పారు నీకివన్నీ? పేర్లు రాశావు గానీ ఎలా ఉంటాయో ఒక్క ముక్క రాయలేదు. ఇదివరకు ఫోను చేస్తే ఏం వండావో చెప్పి, ఇల్లంతా ఎలా ఘుమఘుమలాడుతోందో కూడా చెప్పేదానివి. అప్పుడు నాకు బాగానే వినపడేదిలే.

ఇక్కడ జాకెట్ల పని బాగా ఉంది. కొలతలు కాగితం మీద రాసి ఇమ్మంటున్నాను, ఇబ్బంది లేదు.

అసలు సంగతి. ఈ కార్తీకమాసం అమ్మని నా దగ్గర ఉంచుకుందామని ఉంది. మీ అన్నయ్యగారు వచ్చి తీసుకొస్తారు. నాన్న పోయాక అమ్మ నా దగ్గర నాలుగు రోజులు వరసగా ఉన్నది లేదు. ఎప్పుడు రమ్మంటావో రాయి.

నూకరత్నం


భీమవరం,
నవంబరు నెల

వదినకు నమస్కారాలు.

నెత్తళ్లు అందాయి. చాలా బాగున్నాయని అత్తయ్య అన్నారు. ఉదయ్‌కుమార్ మంచి పిల్లాడు. నూడిల్స్ తిని డబ్బు ఇవ్వబోతే మీ తమ్ముడు తీసుకోలేదు.

కార్తీకమాసం కదా, చాలామంది చేప, రొయ్య ముట్టరు. బండి ఖాళీగా ఉంటుందేమో అనుకున్నాం. అందుకని కంద, బచ్చలి ఉడకబెట్టి, ఆవ పెట్టి నూడిల్స్‌లో కలిపాం. పెళ్లిళ్లలో వడ్డించే కంద బచ్చలి కూరే అనుకోండి, అన్నం బదులు నూడిల్స్. మొదటి రోజు నలుగురు వింతగా చూసి తిన్నారు. రెండో రోజుకి వాళ్లే తలా ఇద్దరిని వెంటబెట్టుకొచ్చారు. ప్రసన్నకుమారి గారని ఇక్కడ స్కూల్లో టీచరు, లూథరన్ చర్చి పక్కన ఉంటారు. ఆవిడకి కార్తీకం పట్టింపు లేకపోయినా ఇదే కావాలని రోజూ గిన్నె తెచ్చుకుని కట్టించుకెళ్తున్నారు.

అత్తయ్యని ఇప్పుడే పంపలేం వదినా. చలి మొదలైంది. రైళ్లలో రద్దీగా ఉంటోందట. ఇంకో రెండు నెలలు పోనివ్వండి. ఏమీ అనుకోకండి.

వీరదుర్గ


తుని,
నవంబరు నెల

వీరదుర్గకు,

నీ ఉత్తరం చూసి ఊరుకుందామనుకున్నాను. కానీ మొన్న ఉదయ్‌కుమార్ ఇంటికి వచ్చాడు. వాడు చెడ్డ మనసుతో చెప్పలేదు, సరదాగా కాగితం మీద రాసి చూపించాడు. మామ్మగారు బండి పక్కన స్టూలు మీద కూర్చుంటారండి, ప్రతి బాణలిలోదీ అరచేతిలో పోయించుకుని రుచి చూస్తారండి, ఆవిడ చెయ్యి ఊపితేగానీ ప్లేటు బయటికి రాదండి అని.

చలి అని రాశావు. రైలు పెట్టెలో కూర్చుంటే పట్టే చలి, రోడ్డు పక్కన సాయంత్రమంతా కూర్చుంటే పట్టదా? ఆ పొగలో, ఆ బస్సుల దుమ్ములో మా అమ్మని కూర్చోబెట్టి కాలక్షేపం అంటావా?

మా అమ్మ నెత్తిన చేపల గంప పెట్టుకుని ఊరూరా తిరిగి మమ్మల్ని పెంచింది. మెడ నొప్పి అని ఒక్కసారి అనలేదు. మేమిద్దరం కాస్త నిలదొక్కుకున్నాక గంప దింపించాం. దింపింది మళ్లీ బండి పక్కన పనికి కూర్చోవడానికి కాదు. మీకు మనిషి సాయం కావాలంటే మనిషిని పెట్టుకోండి. తమ్ముడికి విడిగా రాయడం లేదు. ఆ ఇంట్లో ఏది జరగాలన్నా నీ మాట మీదే జరుగుతుందని నాకు తెలుసు.

వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం నేనే వచ్చి అమ్మని తీసుకెళ్తాను. బట్టలు సర్ది ఉంచు.

నూకరత్నం


భీమవరం,
డిసెంబరు నెల

వదినకు,

మీ ఉత్తరం అందింది. మీరన్న మాటల్లో అబద్ధం లేదు. నేను రాయని మాట ఒకటుంది. అది తెలిశాక మీరేం చెయ్యమంటే అది చేస్తాను.

వానలు మొదలైన రోజుల్లో నాకు జ్వరం వచ్చింది. తగ్గింది. తగ్గాక ఒక రోజు పొద్దున్నే టీ పెట్టుకుని తాగితే వేడినీళ్లు తాగినట్టుంది. జలుబు కదా అనుకున్నాను. జలుబూ పోయింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. వెల్లుల్లి నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నా తెలియదు. నాలుక మీద ఉప్పు, పులుపు కాస్త తగులుతాయి. తక్కినదంతా తడి కాగితం నమిలినట్టే. డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. జ్వరానికి వాసన నరం దెబ్బతింది, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, కంగారు పడకుండా ఉండమన్నారు.

కంగారు ఎలా పడకుండా ఉంటాను వదినా? నేను చేసేది వంట. వండే మనిషికి వాసన తెలియదంటే ఆ రోడ్డు మీద ఎవరు తింటారు? మీ తమ్ముడికి కూడా చెప్పలేదు. అలవాటు మీద చేతి కొలతతో చేసుకుంటూ పోయాను. కానీ రోజూ వచ్చే పిల్లలు సగం తిని వదిలేయడం మొదలుపెట్టారు. ఒకమ్మాయి, ఆంటీ సాస్ మార్చారా అని అడిగింది. మీ తమ్ముడు సాస్ కంపెనీని తిట్టుకున్నారు.

ఆగస్టులో పెద్ద వాన పడి కరెంటు పోయిన రోజు. తెచ్చిన రొయ్యల్లో ఐసు కరిగిపోయింది. నేను వాటిని ఒలుచుకుంటూ కూర్చున్నాను, పసుపు కూడా పట్టించాను. అత్తయ్య వరండాలోంచి లేచి వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు.

"రొయ్య పాడైపోయిందే దుర్గా. వీధిలోకి కొడతంది వాసన. నీకు తెలవట్లేదా?"

నేను తల దించుకున్నాను. ఆవిడ రొయ్యలు తీసుకెళ్లి దూరంగా పాతిపెట్టి వచ్చి, చేతులు కడుక్కుని నా పక్కన కూర్చున్నారు. "ఎన్నాళ్లయింది?" అన్నారు. చెప్పాను. అప్పుడు ఏడ్చాను. ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి ఉంచారు. వదినా, పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ నన్ను తిట్టకుండా అంతసేపు నా పక్కన కూర్చోవడం అదే మొదటిసారి.

మర్నాడు సాయంత్రం నేను బండి సర్దుకుంటుంటే చీర కొంగు దోపుకుని వచ్చి నిలబడ్డారు. "నువ్వు వండు, నేను రుచి చూస్తాను" అన్నారు. మీ తమ్ముడికి కూడా అప్పుడే ఆవిడే చెప్పారు. నాకు ధైర్యం చాల్లేదు.

అయితే ఆవిడ నాలుకకి మన నూడిల్స్ ఎక్కితేగా. సోయా సాస్ ఉమ్మేశారు. ఈ నల్లనీళ్లు ఏంటి, చింతపండు దొరకలేదా అన్నారు. ఆవిడ రుచి చూసి చెప్పాలంటే ఆవిడకి తెలిసిన రుచే అయి ఉండాలి కదా. అందుకని చింతపండు, బెల్లం వచ్చాయి. తర్వాత గోంగూర, ఎండు రొయ్యలు. పులుసు ఆవిడ దగ్గరుండి కాయించినదే. కంద బచ్చలి ఆవిడ ఆలోచనే. ఎవరు నేర్పారని మీరు అడిగారు. మీ అమ్మగారే. ఆవిడ చెప్పినట్టు నేను వండుతాను, పిల్లలు తింటారు, నాకు మాత్రం దాని రుచి తెలియదు. అందుకే మీకు పేర్లు మాత్రమే రాశాను.

మీ ఉత్తరం అత్తయ్యకి చదివి వినిపించాను. బట్టలు సర్దుతానంటే, ముందు నూకరత్నాన్ని రానియ్యి అన్నారు. మీరు తీసుకెళ్తానంటే నేను అడ్డు చెప్పను. బండి కొన్నాళ్లు ఆపుకుంటాం. మీ అమ్మగారిని పనికి కూర్చోబెట్టానన్న మాట మాత్రం మీ మనసులో ఉంచుకోకండి.

వీరదుర్గ


తుని,
డిసెంబరు నెల

దుర్గా,

క్షేమంగా ఇల్లు చేరాను. మీ ఇంట్లో ఉన్న రెండు రోజులూ నలుగురి మధ్య సరిగ్గా మాట్లాడుకోలేకపోయాం. నాకు వినపడేలా చెప్పాలంటే వీధంతా వినపడేలా అరవాలి. అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజు నేను మీ ఇంటికి తిన్నగా రాలేదు. నీ ఉత్తరం చదివాక కూడా నా కోపం పూర్తిగా పోలేదు. ఉన్నమాట చెప్పాలిగా. స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కి కాలేజీ రోడ్డుకి వచ్చి, మీకు కనపడకుండా మందుల షాపు మెట్ల మీద నిలబడ్డాను. బండి చుట్టూ పిల్లలు, వాళ్ల మోటారుసైకిళ్లు. నాకు ఒక్క మాట వినపడదు. దూరపు చూపు మాత్రం బాగానే ఉంది.

నువ్వు గరిటెతో అమ్మ అరచేతిలో కాస్త ఒంపావు. అమ్మ నాకి చూసి ఒక వేలు ఎత్తింది. నువ్వు ఉప్పు వేశావు. మళ్లీ ఒంపావు. ఈసారి బొటనవేలితో చూపుడువేలు రాసింది. నువ్వు చింతపండు రసం పోశావు. మూడోసారి పిడికిలి మూసింది. నువ్వు మంట ఆర్పేశావు. ఆ బస్సుల హోరులో మీరిద్దరూ నోరు విప్పి మాట్లాడుకుంది లేదు. అక్కడున్న వాళ్లందరికంటే ఆ మాటలు నాకే ఎక్కువ అర్థమయ్యాయనుకుంటా.

తర్వాత అమ్మ మొహం చూశాను. ఎవరో పిల్ల మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటోంది, అమ్మ ఆ పిల్ల మొహం వంకే చూస్తోంది. ఆ పిల్ల తల ఊపింది. అప్పుడు అమ్మ వెనక్కి వాలి కూర్చుంది. మా అమ్మ అలా వాలి కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు దుర్గా.

మర్నాడు నువ్వు నీళ్లకి వెళ్లినప్పుడు, నాతో వస్తావా అని అమ్మని అడిగాను. నా కుడి చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. "ఇన్నేళ్లు చేప అమ్మాను. అది పట్టుకెళ్లి ఎవరు ఎలా వండుకున్నారో, ఎవరు కడుపునిండా తిన్నారో నాకేం తెలిసేది? గుమ్మంలో బేరమాడి లోపలికి పోయేవారు. ఇప్పుడు తినేవాళ్ల మొహం నా ఎదురుగా ఉంటందే" అంది.

నీ చేతి పులుసు నూడిల్స్ తిని ఒక్కదాన్నే రైలెక్కాను.

నాకు వినికిడి తగ్గుతున్నప్పుడు నేనూ ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే జాకెట్లు ఇవ్వరని భయం. జనం మాట్లాడుతుంటే పెదవులు చూసి తల ఊపేదాన్ని. నీ ఉత్తరంలో సాస్ సంగతి చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. పోయిన ఉత్తరంలో నేను రాసిన మాటలు మనసులో పెట్టుకోకు.

నూకరత్నం

అన్నట్టు, అమ్మ మెడకి చలిగాలి తగలకుండా ఉన్ని మఫ్లరు ఒకటి పంపుతున్నాను. రోడ్డు మీద నలుగురూ చూస్తారని కట్టుకోనంటుంది. నువ్వే కట్టు.


భీమవరం,
మార్చి నెల

వదినకు నమస్కారాలు.

అత్తయ్య ఈ శనివారం మీ దగ్గరికి వస్తున్నారు. కాలేజీ పిల్లలకి పరీక్షలు, రోడ్డు పలచగా ఉంది, ఓ పది రోజులు కూతురి దగ్గర ఉండి వస్తానని ఆవిడే బయల్దేరారు. ఆవిడ వచ్చేలోగా మీకు అందాలని ఈ ఉత్తరం ముందే పోస్టు చేస్తున్నాను. ఆవిడ ముందు చదవకండి.

వదినా, నాకు వాసన వస్తోంది.

మొదట బండి పక్క మురిక్కాలవ కంపు వచ్చింది. ఏదో అనుమానమనుకున్నాను. వంగి మళ్లీ పీల్చాను. నిజమే. మురిక్కాలవ దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంటుంటే మీ తమ్ముడు కంగారుపడ్డారు, కారం పడిందన్నాను. తర్వాత ఒక్కొక్కటీ వచ్చాయి. కిరసనాయిలు, ఉల్లిపాయ, మల్లెపూలు. కాఫీ మాత్రం ఇంకా సరిగా తెలియడం లేదు, కాలిన గుడ్డలా ఉంది. పచ్చి మామిడికాయ కోరి రొయ్యలతో కలిపి కొత్త నూడిల్స్ చేస్తున్నాం ఇప్పుడు. బాణలి మూత తీసినప్పుడు వచ్చిన ఆ వాసన మీకు ఎలా చెప్పను? మామిడి పులుపు ముందు తగులుతుంది, వెనకాలే రొయ్య తీపి. పులుసు నూడిల్స్ కూడా తిని చూశాను. ఇన్నాళ్లూ జనం ఎందుకు ఎగబడుతున్నారో నాకు అప్పుడు తెలిసింది. అత్తయ్య రుచి చాలా గొప్పది వదినా.

ఆ రోజే అత్తయ్యతో చెబుదామని గబగబా ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఆవిడ స్టూలు మీద కూర్చుని ప్రసన్నకుమారి టీచరు గారితో, కోనసీమ పనసకాయ దొరికితే పనసపొట్టు నూడిల్స్ పెడతామని చెబుతున్నారు. టీచరు గారు ఆవకి ఎన్ని ఆవాలు నూరాలని అడుగుతున్నారు. అత్తయ్య మొహం వెలిగిపోతోంది. నాకు వాసన వచ్చిందంటే, ఇక నాతో పనేముందని ఆవిడ ఇంట్లో కూర్చుండిపోతారేమోనని భయం వేసింది.

ఆవిడ నా వైపు తిరిగి, "ఏంటే?" అన్నారు. "ఉప్పు చూడండి అత్తయ్యా" అని గరిటె ఆవిడ చేతిలో ఒంపాను. ఉప్పు సరిపోయిందని నాకు అప్పటికే తెలుసు.

అప్పటి నుంచి రోజూ ఇదే. మీ తమ్ముడికి మాత్రం చెప్పాను. ఒకసారి దాచి తప్పు చేశాను, మళ్లీ దాస్తున్నాను. ఇది మంచిదో కాదో మీరే చెప్పండి.

వీరదుర్గ


తుని,
మార్చి నెల

దుర్గా,

నీ ఉత్తరం అమ్మ రాకముందే అందింది. చదివి బియ్యం డబ్బాలో దాచాను. నీకు వాసన తిరిగి వచ్చినందుకు తలుపులమ్మ కొండకి వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చాను. అమ్మ ఎందుకని అడిగితే నా చెవుల కోసమన్నాను.

అమ్మ వచ్చిన రోజే నా వంటింట్లోకి దూరింది. పులుసు చూసి, ఇది పులుసా అంది. మీ అన్నయ్యగారు ఇన్నేళ్లుగా అదే పులుసు తింటున్నారు, ఆయన మొహం చూడాల్సింది. మర్నాడు మా వీధి వాళ్లకి నూడిల్స్ సంగతి చెప్పడం మొదలుపెట్టింది. నాకు వినపడకపోయినా ఆ చేతులు తిప్పడం చూస్తే ఏం చెబుతోందో తెలిసిపోతోంది.

నిన్న మధ్యాహ్నం నేను మిషను దగ్గర కూర్చుంటే పక్కకి వచ్చి, నా కుడి చెవి దగ్గరికి వంగింది.

"దుర్గకి వాసన వచ్చేసిందే" అంది.

నేను ఏమీ తెలియనట్టు మొహం పెట్టాను. ఎలా తెలిసిందని అడిగాను. రెండో పొయ్యి మీద వెల్లుల్లి మాడబోతుంటే, తను చెప్పేలోగానే నువ్వు అటు తిరగకుండా చెయ్యి చాచి మంట తగ్గించావట. అది చూసి ఆ సాయంత్రమంతా తనకి కడుపు నిండిపోయిందట. మరి దుర్గతో అనలేదేమని అడిగాను.

"అంటే ఏమంటది? పెద్దోరు, ఇంక ఇంట్లో కూకోండి అత్తయ్యా అంటది. గోడలు చూత్తా కూకోనా? నాకు తెలిసినట్టు దానికి చెప్పకు" అంది.

అమ్మ చెప్పవద్దంది. అయినా నువ్వు రోజూ తప్పు చేస్తున్నానేమోనని బాధపడటం నాకు ఇష్టం లేక రాస్తున్నాను. ఈ కాగితం చదివి పొయ్యిలో వెయ్యి. నువ్వు దాచింది ఆవిడకి తెలుసు, ఆవిడ దాచింది ఇక నీకూ తెలుసు. ఇద్దరూ పైకి అనకండి. నేను ఎవరి పక్షమూ కాదు. నాకు ఎలాగూ ఏదీ వినపడదు కదా.

పది రోజులని వచ్చింది, వారం కూడా నిలవడం లేదు. రేపు ఉదయం రైలుకి పంపిస్తున్నాను. లేత పనసకాయ కనపడితే కొనిపించింది, పొట్టు నేనే కొట్టి సంచిలో పెట్టాను, ఈ ఉత్తరం అమ్మకి తెలియకుండా ఆ సంచి అడుగున పెడుతున్నాను. సాయంత్రానికి పొయ్యి మీద పెట్టమంటుంది. పెట్టు. ఆవ ఘాటు నీకే ముందు తెలుస్తుంది. తెలిసినా, గరిటె ముందు ఆవిడ చేతిలో ఒంపు.

నూకరత్నం